మూత దగ్గర మనిషి

ఒకే మంచం మీద రెండు సంచులు. ఒకదాంట్లో తల్లి బట్టలు పెడుతోంది. రెండోదాంట్లోంచి కూతురు బట్టలు తీసేస్తోంది.

తల్లి సర్దుతున్నది కొడుకు చిన్నోడి సంచి. వాడు కళాసీగా మొదటిసారి ఓడ ఎక్కబోతున్నాడు. ఉన్ని టోపీ, మందపాటి మేజోళ్ళు, ఒళ్ళునొప్పుల మందు డబ్బీ, సూదీ దారం చుట్టిన గుడ్డ పొట్లం. సరుకు కప్పే టార్పాలిన్లు కుట్టి పిల్లల్ని పెంచిన చెయ్యి ఆమెది. సంచి అడుగు చిరిగిపోతుందేమోనని రెండు పొరలు వేసి కుట్టింది. అయినా తృప్తి లేక లోపల చెయ్యి పెట్టి మళ్ళీ మళ్ళీ తడిమి చూస్తోంది.

కూతురు ఖాళీ చేస్తున్నది మొగుడి సంచి. ఆయన అదే ఓడకి సరంగు, కళాసీలందరికీ పెద్ద. ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగిన మనిషి.

పోయిన వారం జరిగింది ఇది. ఓడ మీద పనిచేసేవాళ్ళంతా కొన్నేళ్ళకోసారి ప్రాణరక్షణ శిక్షణకి వెళ్ళి పాసవ్వాలి. చిన్నోడు కొత్తగానూ, సరంగు మళ్ళీనూ, ఇద్దరూ ఒకే జట్టులో చేరారు. సరంగు ఎత్తు మీది నుంచి కొలనులోకి దూకాడు. తిరగబడిన రబ్బరు తెప్పని ఒక్కడే మళ్ళీ సరిగ్గా తిప్పాడు. పొగ నింపిన గదిలో గోడ తడుముకుంటూ పోయి బయటపడ్డాడు. ఆఖరిదైన ట్యాంకు పరీక్షలో మాత్రం రెండుసార్లు తప్పాడు. ఎందుకు తప్పాడంటే చెప్పడు.

ఇవాళ మూడోసారి. ఇంకో అవకాశం లేదు. తప్పితే సరంగు చోట్లోకి వేరే మనిషి వస్తాడు, చిన్నోడు ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య ఒంటరిగా బయలుదేరతాడు. ఓడకి తీసుకుపోయే బండి సాయంత్రం శిక్షణ కేంద్రం దగ్గరికే వస్తుంది.

"నిన్న సర్దినవి ఎందుకే తీస్తావు?" అంది తల్లి.

"మళ్ళీ తప్పి వస్తారుగా. అప్పుడు తియ్యాల్సింది ఇప్పుడే తీస్తున్నాను. నాకు పని కలిసొస్తుంది."

సరంగు గుమ్మంలో కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. పెళ్ళాం మాట వినబడనట్టే ఉన్నాడు.

"ఏవండీ, గంట కొట్టడానికి మీకేం అడ్డం వచ్చింది? చెయ్యి లేదా?"

"ఉంది."

"మరి?"

ఆయన కట్టిన తాడు విప్పి మళ్ళీ కట్టాడు.

పరీక్ష చూడబోతే చిన్నదే. ఒకడు ట్యాంకులో పనిచేస్తుంటాడు, ఒకడు పైన మూత దగ్గర నిలబడతాడు. లోపలివాడు పడిపోతే పైవాడు దిగకూడదు. గంట కొట్టాలి, రేడియోలో చెప్పాలి, గాలి సిలిండర్లు తగిలించుకున్న జట్టు వచ్చేదాకా అక్కడే ఆగాలి. సరంగు రెండుసార్లూ, మనిషికి బదులు లోపల పెట్టిన ఇసక బొమ్మ కింద పడిన చప్పుడు వినగానే గంట వైపైనా చూడకుండా లోపలికి దిగిపోయాడు.

"బావకి గంటంటే పడదక్కా," అన్నాడు చిన్నోడు కంచం ముందు కూర్చుని. "బళ్ళో కూడా గంట కొట్టకముందే ఇంటికి పోయేవాడంట."

"నువ్వు నోరు మూసుకుని తిను. మొదటిసారే పాసయ్యానని ఎగరకు."

"నేనేం చేశాను? గంట కొట్టాను, వాళ్ళొచ్చేదాకా పాట పాడుకుంటూ నిలబడ్డాను. లోపలుంది ఇసక బొమ్మేగా, దానికేం తొందర?"

"నాకు బొమ్మలా కనబడట్లేదు," అన్నాడు సరంగు ఉన్నట్టుండి.

"మరేం కనబడుతోంది?"

ఆయన తలెత్తి ఒక్కసారి అత్తగారి వైపు చూసి దించేసుకున్నాడు. సంచిలో తల్లి చెయ్యి ఆగిపోయింది. కూతురు ఆ చూపునీ చూసింది, ఆ చేతినీ చూసింది.

"ఒరేయ్, పెరట్లో ఆరేసిన నీ తువ్వాలు పట్టుకురా," అంది తమ్ముడితో. వాడు గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. "ఇప్పుడు చెప్పమ్మా. ఆయన నీ వైపెందుకు చూశారు?"

"నా వైపు చూడకూడదా?"

"అమ్మా."

తల్లి ఉన్ని టోపీ బయటికి తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచింది.

"మాట తీసుకున్నాను," అంది చివరికి. "చిన్నోడికి ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున. బాబూ, వాడు ఎక్కడ పడితే నువ్వు అక్కడికి దిగాలి, వాణ్ణి వదిలేసి నువ్వు ఒడ్డున నిలబడకూడదు అన్నాను. చేతిలో చెయ్యి వేశాడు. తప్పేముంది? తల్లిని, అడగనా?"

కూతురు మంచం అంచున కూర్చుంది. 

"అంటే నీ కొడుక్కి కాపలా నా మొగుడు."

"వాడు నీకు తమ్ముడు కాదా?"

"తమ్ముడే. ఈయన నాకేమవుతారో నీకు గుర్తుందా? నీ కొడుకు పడిపోతే ఆ వెనకే ఈయన పడాలా? ఇద్దరూ పోతే నేనెక్కడికొచ్చి ఏడవాలమ్మా, నీ దగ్గరికా?"

"శుభమా అని బయలుదేరుతుంటే ఆ మాటలేంటే?"

"మాటలు నావి కావు. నువ్వు తీసుకున్న మాటకి అర్థం అది."

తల్లికి కోపం వచ్చింది. తప్పు తనదని తెలిసీ తెలియనప్పుడు వచ్చే కోపం అది, ఎవరి మీదికైనా పోతుంది. అల్లుడి మీదికి పోయింది.

"నువ్వైనా అంత పట్టుదలేంటి బాబూ? ఇంట్లో అనుకున్నది ఇంట్లో ఉంచుకుని, అక్కడ పరీక్షకి ఒక్కసారి ఆగితే పోయేదేముంది? గంట కొట్టు, పాసవ్వు. ఓడెక్కాక సంగతి వేరు."

"వేరు కాదత్తయ్యా. అదే వచ్చిన చిక్కు," అన్నాడు సరంగు. "నిన్న కూడా ఆగుదామనే వెళ్ళాను. ఒట్టు. చప్పుడు వినేసరికి కాళ్ళు నావి కావు. మీకు మాటిచ్చిన దగ్గర్నుంచీ రోజూ అదే అనుకుంటున్నాను, వాడు పడితే దిగాలి, వాడు పడితే దిగాలి అని. అనుకుని అనుకుని ఒంటికి పట్టేసింది."

చిన్నోడు తువ్వాలుతో లోపలికి వచ్చాడు.  కూతురు లేచి, తీసేసిన బట్టలన్నీ మడతైనా పెట్టకుండా మొగుడి సంచిలో కుక్కింది.

"పదండి," అంది తల్లి చెప్పులు వెతుక్కుంటూ. "ఆ మాస్టారుతో నేనే మాట్లాడతాను."

శిక్షణ కేంద్రం అంటే ఒక పెద్ద రేకుల షెడ్డు, దాని పక్కన లోతైన కొలను. నీళ్ళలో కలిపిన మందు వాసన గేటు దాకా వస్తుంది. గోడ మేకులకి నారింజ రంగు లైఫ్ జాకెట్లు వేలాడుతూ నీళ్ళు కారుస్తున్నాయి. వాటి కింద తడి బూట్లు బోర్లించి ఉన్నాయి.

అక్కడ నేర్పే ఆయన్ని అందరూ విజిల్ మాస్టారంటారు. అరిచి అరిచి గొంతు పోయింది. అందుకని మెడలో విజిలు, చేతిలో వేన్నీళ్ళ గ్లాసు. ఇంట్లో భార్యని కూడా విజిలేసే పిలుస్తాడని కుర్రాళ్ళు నవ్వుకుంటారు.

"మా అల్లుడు నిన్నా మొన్నా ఓడ చూసినవాడు కాదండీ," అంది తల్లి, నమస్కారమైనా పెట్టకుండా. "ఒక బొమ్మ కోసం ఇన్నిసార్లు తప్పిస్తారా?"

"బొమ్మ కోసం కాదమ్మా, బొమ్మ వెనకాల పోయినందుకు."

"మనిషి పడిపోతే సాయం పోవడం తప్పా? పక్కవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటే నిలబడి చూడమని నేర్పుతారా మీరు?"

"అవునమ్మా. అదే నేర్పుతాం."

ఇంత సూటిగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. 

మాస్టారు గ్లాసు కింద పెట్టి వాళ్ళని ట్యాంకు దగ్గరికి నడిపించాడు. అది ఓడ అడుగున ఉండే ట్యాంకుకి నకలు. మనిషి ఎత్తుకి రెండింతలున్న ఇనప పెట్టె. పైకి ఎక్కడానికి మెట్లు, పైన మనిషి పట్టేంత గుండ్రటి కంత, దానికో మూత.

"ఓడ మీద ఇలాంటిది నెలల తరబడి మూసి ఉంటుంది. లోపల తుప్పు పడుతుంది. తుప్పు పట్టడమంటే ఏమనుకున్నారు? మనం పీల్చాల్సిన ప్రాణవాయువుని ఇనుము తినేయడం. వాసన రాదు, కంటికి కనబడదు. దిగినవాడు నిచ్చెన మీదే తూలిపోతాడు. పైవాడు చూసి, అయ్యో కాలు జారిందనుకుని దిగుతాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. సాయం పోయినవాళ్ళే ఎక్కువమంది పోతారమ్మా ఈ ట్యాంకుల్లో. మంచివాళ్ళే. చెడ్డవాడైతే పైనుంచే చూసి బతికిపోతాడు."

"మీకు పిల్లలున్నారా?" అంది తల్లి.

"ఉన్నారు. మీరు కోప్పడుతున్నారని తెలుసు. నాకూ విసుగ్గానే ఉంది. ఇంత పనిమంతుణ్ణి తప్పించడం నాకేం సరదా? అడిగితే కాళ్ళు ఆగట్లేదంటాడు. అదేం జబ్బో నాకు తెలియట్లేదు."

"నేను చెబుతాను," అంది కూతురు. చిన్నోడు దూరంగా, కొలను గట్టున ఎవరితోనో పోజులు కొడుతున్నాడు. ఆమె గొంతు తగ్గించి మొత్తం చెప్పేసింది. తల్లి ట్యాంకుకున్న బోల్టులు చూస్తూ నిలబడింది.

మాస్టారు విన్నాడు. గడ్డం గోక్కున్నాడు. తర్వాత విజిలూది చిన్నోణ్ణి పిలిచాడు.

"ఏయ్ పాటగాడా, ఇవాళ బొమ్మకి సెలవు. నువ్వు దిగు. సుత్తితో తుప్పు కొడుతూ ఉండు. కాసేపయ్యాక ఆపేసి పడుకో. ఎవరు పిలిచినా పలక్కూడదు. మీ అమ్మ పిలిచినా సరే."

"నిద్రొస్తేనో మాస్టారూ?"

"పో. మార్కులు తగ్గించను."

వాడు దిగకముందే మాస్టారు ఆడవాళ్ళిద్దరినీ వెనక్కి తీసుకుపోయి, ట్యాంకు అడుగున తెరిచి ఉన్న తలుపునీ, గాలి తోలుతున్న ఫ్యానునీ చూపించాడు. ఇది ఉత్తుత్తి ట్యాంకనీ, లోపల ఎంతసేపున్నా ఏమీ కాదనీ చెప్పాడు. తల్లి చెయ్యి పెట్టి ఆ గాలి చల్లదనం కూడా చూసింది.

అప్పుడు ఆమెని మెట్లెక్కించి, మూత దగ్గర అల్లుడి పక్కన నిలబెట్టాడు. "మీరేం చెయ్యొద్దమ్మా. ఊరికే నిలబడండి."

లోపలినుంచి సుత్తి చప్పుడు వస్తోంది. టంగు, టంగు, టంగు. మధ్యలో కూనిరాగం. సరంగు కంత మీదికి వంగి చూస్తున్నాడు. చెవుల పక్కన చెమట కారుతోంది. తల్లికి ఎండ నెత్తి మీద మంటగా ఉంది. ఇదంతా ఏంటి, ఈ మనిషి తనని బడిపిల్లలా నిలబెట్టడమేంటి అని ఆమె చిరాకు పడుతోంది.

సుత్తి ఆగింది. ఒళ్ళు ఇనుము మీద పడిన చప్పుడయింది.

"ఒరేయ్," అన్నాడు సరంగు.

పలుకు లేదు.

"ఒరేయ్, బావమరిదీ."

తల్లి వంగి చూసింది. అడుగున చీకట్లో బోర్లా పడి ఉన్న వీపు. ఒక చెయ్యి ఛాతీ కింద మడతపడి ఉంది. వాడు పసివాడుగా ఉన్నప్పుడు కూడా అలాగే చెయ్యి మడుచుకుని పడుకునేవాడు.

"నాన్నా," అంది. "చిన్నోడా, చాలు, లే."

పలుకు లేదు.

అది ఉత్తుత్తి ట్యాంకని ఆమెకి తెలుసు. వెనక తలుపు తెరిచి ఉందని తెలుసు. వాడికి పలకొద్దని చెప్పింది తన ఎదురుగానే. అన్నీ తెలిసి, ఆమె ఒక కాలు కంతలో పెట్టింది. చెప్పు ఊడి లోపల పడి, ఇనుముకి తగిలి మోగింది. రెండో కాలు ఎత్తబోయింది.

సరంగు ఆమె భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఆగండత్తయ్యా."

"వాడు పలకట్లేదు."

"పలకడు. మీరు ఆగండి."

ఒక చేత్తో ఆమెని పట్టుకునే రెండో చేత్తో గంట తాడు అందుకున్నాడు. గంట మోగింది. రేడియోలో, ట్యాంకులో మనిషి పడిపోయాడు, ట్యాంకులో మనిషి పడిపోయాడు అన్నాడు. 

తల్లి పిడికిలితో అల్లుడి ఛాతీ మీద కొట్టింది. "వదులు. నాకు మాటిచ్చావు నువ్వు."

"ఇచ్చాను. మిమ్మల్ని వదిలితే మీరు పోతారు. మీ వెనక నేను దిగుతాను. నా వెనక ఎవరొస్తారో అటు చూడండి."

ఆమె చూసింది. కూతురు సగం మెట్ల దాకా వచ్చేసి ఉంది. ఎప్పుడు ఎక్కిందో ఆమెకే తెలిసినట్టు లేదు. కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సిలిండర్ల జట్టు వచ్చింది. వచ్చి వెంటనే దిగిందా అంటే, లేదు. ఒకడి పట్టీలు ఒకడు లాగి చూశారు. మొహాలకి తొడుక్కున్నవి సరిగ్గా అతుక్కున్నాయా అని అరచేత్తో నొక్కి చూశారు. ఒకడు దారానికి కట్టిన, గాలి కొలిచే మీటరు లోపలికి దించి, అంకె చూసి, పైకి చెప్పాడు.

"పెళ్ళికి ముస్తాబవుతున్నారా మీరు?" అంది తల్లి పళ్ళ బిగువున. ఎవరూ నవ్వలేదు. అల్లుడు ఆమె భుజం వదల్లేదు.

చివరికి చిన్నోణ్ణి తాళ్ళతో పైకి తెచ్చి పడుకోబెట్టారు. మొహం నిండా తుప్పు పొడి. ఒక కన్ను తెరిచాడు.

"అమ్మా, నీ చెప్పు సరిగ్గా నా మెడ మీద పడింది. అయినా పలికానా?"

ఆమె వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. తర్వాత అదే చేత్తో తుప్పు తుడిచింది.

"పోయి స్నానం చేసి బట్టలు మార్చుకో," అన్నాడు మాస్టారు వాడితో. "బండి వచ్చే టైమవుతోంది."

వాడు ఈలేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మాస్టారు సరంగు వైపు తిరిగాడు. "ఇవాళ ఆగావు. పట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉంది కాబట్టి ఆగావు. ఓడ మీద ఈమె ఉండదు." తర్వాత తల్లితో అన్నాడు, "అమ్మా, ఆ మాట మీరు తీసుకున్నదే. మీరు వెనక్కి ఇచ్చేస్తే పాసని రాస్తాను. లేదంటే రాయను. మీ ఇష్టం."

"వెనక్కి ఇవ్వడమంటే? నా కొడుకు పోతే పోనీ అనాలా?"

"అనక్కర్లేదు. దిగొద్దు అనండి, చాలు."

ఆమె ఒంటి చెప్పుతో మెట్ల మీద కూర్చుంది. మాస్టారు మీద కోపం, ఇనుము మీద కోపం, గాలి మీద కోపం. ఇంత పెద్ద సముద్రంలో తన పిల్లాడికి తోడుగా ఒక్క మనిషిని కట్టిపెట్టుకుంటే ఆ ముడి కూడా తన చేత్తోనే విప్పమంటున్నారు.  

"బాబూ," అంది తల్లి, అల్లుడి బూట్ల వైపు చూస్తూ. "మావాడు ఎక్కడైనా పడితే... నువ్వు దిగొద్దు. పైనే ఉండు. గంట కొట్టు. వచ్చేవాళ్ళు వచ్చేదాకా ఆగు. అంతే. ఇంక నన్నేం అడక్కండి."

సరంగు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. చాలాసేపు నీళ్ళ కింద ఉండి పైకొచ్చినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం బండి వచ్చింది. చిన్నోడు తడి జుట్టు దువ్వుకుంటూ వచ్చి సంచి భుజాన వేసుకున్నాడు.

"నేను లేనప్పుడు ఏం మాట్లాడుకున్నారు?"

"ఏం లేదు," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

"బావ పాసయ్యాడుగా, ఇంకా ఆ మొహాలేంటి?" అని, బావ సంచి కూడా లాక్కుని బండిలో పడేశాడు. వంగి తల్లి కాలి వైపు చూశాడు. "ముందు నీ చెప్పు ట్యాంకులోంచి తీయించుకో. దానికి కూడా జట్టు రావాలంటారేమో."

ఆమె నవ్వింది. బండి గేటు దాటేదాకా నవ్వు మొహం అలాగే పెట్టుకుంది.

వాడికి చెప్పాల్సింది ఏమైనా ఉందని ఆ సాయంత్రం ఎవరికీ తోచలేదు. మొదటిసారే పాసైనవాడు. గంట కొట్టి, పాట పాడుకుంటూ ఆగినవాడు. కానీ వాడు ఆగింది ఇసక బొమ్మ కోసం. లోపల పడింది బావ అయితే ఏం చేస్తావురా అని వాణ్ణి మాస్టారూ అడగలేదు, తల్లీ అడగలేదు.

వానలు మొదలైన వారంలో, ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, ట్యాంకులో పడిపోయింది సరంగు. మూత దగ్గర ఉన్నది చిన్నోడు. వాడు గంట కొట్టాడు. రేడియో అందుకుని, బావ పడిపోయాడు, నేను దిగుతున్నాను అన్నాడు. ఓడలో అందరూ విన్న ఆ మాటని అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక, సరంగు రెండు సంచులూ భుజాన వేసుకుని వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

జట్టు ఇద్దర్నీ పైకి తెచ్చినా ఊపిరి మిగిలింది బావకే, చిన్నోడు తిరిగి రాలేదు.